మా ఫిర్యాదును తెలుగులో చదివేవారు ఎవరు?
కమ్యూనికేషన్లు, సమాచార సాంకేతికత పార్లమెంటరీ స్థాయీ సంఘానికి బహిరంగ లేఖ

గౌరవనీయ అధ్యక్షులకు, సభ్యులకు,

తిరుపతి కోర్టుల్లో ప్రాక్టీసు చేసుకునే ఒక న్యాయవాది నమస్కరించి రాస్తున్న లేఖ ఇది.

మన దేశంలో పెద్ద ఇంటర్నెట్ కంపెనీలు ప్రభుత్వం చెబితే వింటాయి. వినకపోతే ఏమవుతుందో వాటికి తెలుసు. పోలీసుల లేఖ వెళ్తే కదులుతాయి, కోర్టు ఉత్తర్వు వెళ్తే తలవంచుతాయి. అదే కంపెనీ వేదిక మీద పరువు పోగొట్టుకున్న మనిషి, డబ్బు పోగొట్టుకున్న మనిషి తనంతట తానుగా మొర పెట్టుకుంటే మాత్రం పట్టించుకునేవారు లేరు. ఆ మొర తెలుగులో ఉంటే మరీ. మన చట్టాలు కంపెనీలను ప్రభుత్వానికి జవాబుదారీ చేశాయి గానీ, మనిషికి జవాబుదారీ చేయలేదు. ఆ లోటు పూడ్చగల చోట మీరున్నారు కాబట్టి మీకే రాస్తున్నాను.

చంద్రగిరి దగ్గరి ఒక పల్లె నుంచి రోజూ తిరుపతికి వచ్చి డిగ్రీ చదివే అమ్మాయి సంగతి చెబుతాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఎవరో ఆమె పేరుతో ఖాతా తెరిచారు. అక్క పెళ్లిలో దిగిన ఫోటోను మార్ఫింగ్ చేసి పెట్టారు. కింద ఆమె ఫోన్ నంబరు ఇచ్చారు. ఫోటోల కింద రాసిన మాటలు తెలుగువే, అక్షరాలు మాత్రం ఇంగ్లిషువి. మన పిల్లలు ఫోన్‌లో రాసుకునేది అలాగే కదా. రాత్రి పొద్దుపోయాక తెలియని నంబర్ల నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

ఆమె స్నేహితురాళ్లంతా కలిసి ఆ ఖాతా మీద రిపోర్ట్ కొట్టారు. కంపెనీ నుంచి జవాబు త్వరగానే వచ్చింది. తమ ప్రమాణాలకు విరుద్ధమైనదేదీ అందులో కనిపించలేదట. ఆ రాతలు మా వీధిలో ఏ పదేళ్ల పిల్లవాడికి చూపించినా సిగ్గుతో తల తిప్పుకుంటాడు. కంపెనీ వాటిని చూసి తప్పేమీ లేదంది.

తండ్రి ఆమెను వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చారు. కంపెనీ ఫిర్యాదు అధికారికి రాయడానికి ముగ్గురం కూర్చున్నాం. ఫారం ఇంగ్లిషులో ఉంది. ఒక్కో పోస్టుకూ విడిగా లింకు ఇవ్వాలి. అవతలివాడు ఖాతా పేరు మార్చేస్తే పాత లింకు పనిచేయదు, మళ్లీ మొదటికి రావాలి. ఇవన్నీ ఎలాగో దాటాం. ఆ తర్వాత అసలు కష్టం ఎదురైంది. ఆ బూతులకు అర్థం ఏమిటో ఇంగ్లిషులో విడమరిచి రాస్తే తప్ప చదివేవారికి తెలియదు. ఒక్కొక్క మాటకూ అర్థం, అది ఆడపిల్లను ఏమని నిందిస్తోందో వివరణ. అమ్మాయి నా పక్కన, తండ్రి ఎదురుగా. "మీరు కాసేపు బయట టీ తాగి రండి" అని ఆయనను పంపించాను. ఎందుకు పంపుతున్నానో ఆయనకు అర్థమైంది. ఏమీ అనకుండా లేచి వెళ్లారు. ఆ తర్వాత ఆ పిల్లను అడిగి, ఆమె చెబుతుంటే నేను టైపు చేశాను. తనకు జరిగిన అవమానాన్ని తానే మరో భాషలోకి మార్చి, ఇది అవమానమేనని రుజువు చేసుకోవలసిన పని ఆ బాధితురాలి మీద పడింది. కంపెనీ జీతమిచ్చి చేయించుకోవలసిన పని అది.

దానికీ ఫలితం లేకపోయింది. చివరకు పోలీసుల నుంచి లేఖ వెళ్లాకే ఖాతా తీసేశారు. అవే ఫోటోలు, అవే రాతలు. అమ్మాయి చూపిస్తే కనిపించని తప్పు పోలీసు ముద్ర పడగానే కనిపించింది. ఈలోగా ఆమె కాలేజీకి రావడం మానేసింది, ఆ సెమిస్టరు పరీక్షలు రాయలేదు.

చట్టం లేక ఇలా జరిగిందా అంటే, లేకపోలేదు. 2021 ఫిబ్రవరి 25న వచ్చిన ఐటీ నిబంధనలు 50 లక్షలకు మించి వినియోగదారులున్న సామాజిక మాధ్యమాలన్నీ భారత్‌లోనే నివసించే ఫిర్యాదు అధికారిని పెట్టాలన్నాయి. నగ్నచిత్రాలు, మార్ఫింగ్ ఫోటోలు, వేరొకరి పేరుతో మోసం లాంటి వాటి మీద బాధితులు గానీ వారి తరఫువారు గానీ ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తొలగించే చర్యలు తీసుకోవాలని ఆనాడే రాశారు. అంతకుముందుతో పోలిస్తే ఇది మేలే, కాదనను. 2018లో ఫోన్‌లో వచ్చిన పుకార్లు నమ్మి జనం మనుషుల్ని కొట్టి చంపిన ఘటనల తర్వాత వాట్సాప్ మన దేశం కోసం నియమించిన ఫిర్యాదు అధికారి అమెరికాలో ఉండేవారు. అక్కడి నుంచి ఇక్కడి వరకు వచ్చాం. 2023 జనవరిలో కేంద్రం మూడు అప్పీలు కమిటీలు కూడా ఏర్పాటు చేసింది. కంపెనీ నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లో అక్కడికి వెళ్లవచ్చు. కానీ పెద్ద అప్పీలు వ్యవస్థ ఎంత బాగున్నా, కింద మొదటి ఫిర్యాదును అర్థం చేసుకుని చదివే మనిషి లేనప్పుడు ప్రయోజనం ఎంత?

ఈ కంపెనీలు నెలనెలా నివేదికలు ప్రచురిస్తాయి. ఎన్ని పోస్టులు తొలగించాం, ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి అన్న లెక్కలు దేశం మొత్తానికి కలిపి ఇస్తాయి. తెలుగులో వచ్చినవెన్ని, వాటిని తెలుగు తెలిసినవారు చూశారా, యంత్రమే చూసి తోసిపుచ్చిందా, తెలుగు పోస్టుల మీద నిర్ణయాలు అప్పీలులో ఎన్నిసార్లు తారుమారయ్యాయి అనేది అందులో వెతికినా దొరకదు. చెప్పమని నిబంధనలూ అడగలేదు.

ఐరోపా సమాఖ్య అడిగింది. అతి పెద్ద వేదికలకు 2023లోనే వర్తించి, 2024 ఫిబ్రవరి నుంచి పూర్తిగా అమలులోకి వచ్చిన వారి డిజిటల్ సేవల చట్టం ప్రకారం, నాలుగున్నర కోట్ల మందికి పైగా వాడే వేదికలు తమ పోస్టుల పరిశీలకులు ఎందరో ఒక్కో అధికార భాషకూ విడివిడిగా ప్రకటించాలి. చట్టం తప్పితే ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 6 శాతం దాకా జరిమానా. అలా అడిగినందుకే 2023లో ఎక్స్ (పాత ట్విటర్) ఇచ్చిన తొలి నివేదికలో డచ్ భాష తెలిసిన పరిశీలకుడు ఒక్కరే ఉన్నారని లోకానికి తెలిసింది. తెలిసింది కాబట్టి అక్కడివారు నిలదీయగలిగారు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 8 కోట్ల 11 లక్షలు. డచ్ మాట్లాడేవారు అందులో సగం కూడా ఉండరు. వారికి దక్కిన లెక్క మనకు ఎందుకు దక్కకూడదు?

పరిశీలకులు లేకపోతే ఏమవుతుందో మయన్మార్ చూసింది. 2015 తొలినాళ్లలో ఫేస్‌బుక్‌లో బర్మీస్ చదివి పోస్టులను పరిశీలించేవారు ఇద్దరేనని రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టింది. అక్కడి రోహింగ్యా ముస్లింల మీద ద్వేషం రెచ్చగొట్టడానికి ఆ వేదికను వాడుకున్నారని 2018లో ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం చెప్పింది. తాము చేయవలసినంత చేయలేదని ఆ ఏడాది నవంబరులో కంపెనీయే ఒప్పుకుంది. అప్పటికే ఏడు లక్షల మందికి పైగా సరిహద్దు దాటి బంగ్లాదేశ్ చేరారు. భాష తెలియకపోవడమన్నది చిన్న సాంకేతిక లోపమేమీ కాదు.

భారత్ విషయంలోనూ అదే కంపెనీ మానవ హక్కుల ప్రభావంపై అధ్యయనం చేయించుకుంది. 2022 జులైలో బయటపెట్టింది మాత్రం కొద్ది పేజీల సారాంశమే. పూర్తి నివేదికను మీ సంఘం అడిగి తెప్పించుకోవాలని నా విన్నపం. 2020లో, 2021లో ఇదే కంపెనీ ప్రతినిధులను మీ సంఘం పిలిపించి ప్రశ్నించింది. మళ్లీ పిలవండి.

ఇక తిరుపతికే ప్రత్యేకమైన గోడు ఒకటుంది. తిరుమల తిరుపతి దేవస్థానం పేరుతో నకిలీ వెబ్‌సైట్లు పుట్టుకొస్తూనే ఉన్నాయి. 2023 ఏప్రిల్ నాటికే దేవస్థానం ఫిర్యాదులు చేసిన వాటి సంఖ్య నలభై దాటింది. అసలు సైటు రంగులు, శ్రీవారి బొమ్మ, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం పేరు, గదుల బుకింగ్, అన్నీ అచ్చంగా ఉంటాయి. ఇలాంటి మోసాల్లో కొన్ని వెతికినప్పుడు పైన డబ్బు కట్టిన ప్రకటనల రూపంలో కనిపిస్తాయి. ఒక కుటుంబం నాకు అలాగే ఎదురైంది. రెండు రాత్రులు రైల్లో వచ్చి, పిల్లలకు గుండ్లు కూడా కొట్టించుకుని, దర్శనం వరుస దగ్గర టికెట్ చూపిస్తే స్కాన్ కాలేదు. ఇంటి పెద్దావిడ ఆ ప్రింటు కాగితాన్ని కొంగుతో తుడిచి మళ్లీ ఇచ్చారు, మరక పడిందేమోనని. దాని మీద క్యూఆర్ కోడ్ ఉంది, నామాలు ఉన్నాయి, ఆమె పేరు ఉంది. అన్నీ ఉన్నాయి, టికెట్ ఒక్కటే లేదు.

వెబ్‌సైటు పెట్టినవాడు దొంగ, సరే. వాడిని పోలీసులు వెతుకుతారు. వాడి దగ్గర డబ్బు తీసుకుని ఆ ప్రకటనను అన్నిటికంటే పైన నిలబెట్టిన కంపెనీ సంగతేమిటి? తిరుపతిలో ఒక చిన్న గదిని అంగడికి అద్దెకిచ్చే యజమాని కూడా వచ్చినవాడు ఎవరు, ఏ ఊరు, ఆధార్ ఏది అని అడుగుతాడు. ప్రపంచంలోనే అతి సంపన్నమైన కంపెనీలు దేవుడి పేరుతో ప్రకటన ఇస్తున్నది ఎవరో చూడకుండా ఎలా స్థలమిచ్చాయి? కంపెనీలను బాధ్యత నుంచి తప్పించే ఐటీ చట్టం 79వ సెక్షన్ రక్షణ, ఇతరులు పెట్టిన సమాచారాన్ని కేవలం చేరవేసే మధ్యవర్తి కోసం ఉద్దేశించినది. డబ్బు పుచ్చుకుని, ఎవరికి చూపాలో తానే నిర్ణయించి, పైవరసలో పెట్టిన ప్రకటనకూ అదే గొడుగు పట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం. పోగొట్టుకున్న డబ్బు తిరిగి ఇచ్చే బాధ్యతలో ఆ ప్రకటన ఆదాయం అందుకున్నవారికీ వాటా ఉండాలి.

అప్పుల యాప్‌ల గురించి తెలుగువారికి కొత్తగా చెప్పనక్కరలేదు. 2020 చివర్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎన్ని ఇళ్లలో చావు మేళం మోగిందో అందరం చూశాం. ఐదు వేల అప్పు కోసం ఫోన్‌లోని నంబర్లన్నీ, ఫోటోలన్నీ గుంజుకుని, వాయిదా తప్పగానే బంధువులందరికీ మార్ఫింగ్ బొమ్మలు పంపారు. ఫోన్‌లోని కాంటాక్టులు, ఫైళ్లు, కాల్ వివరాల జోలికి పోవద్దని రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబరులో చెప్పింది. వ్యక్తిగత రుణాల యాప్‌లు కాంటాక్టులు, ఫోటోలు చూడకూడదని గూగుల్ ప్లే స్టోర్ 2023 మే 31 నుంచి నియమం పెట్టింది. అంటే అది సాధ్యమే. యాప్ స్టోరు తలుపు దగ్గర ఒక్క నియమం పెడితే సరిపోయే పని. ఆ నియమం రెండున్నరేళ్ల ముందు రాలేదు. అప్పుడు పెట్టమని గట్టిగా అడిగే అధికారం ఉన్నవారు అడగలేదు.

ఇదంతా చదివి, అయితే తొలగించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇంకా పెంచుదామని ఎవరైనా అంటారేమో. దయచేసి వద్దు. నేను అడుగుతున్నది దానికి పూర్తిగా భిన్నమైనది. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయి చిత్తూరు రైతులు అల్లాడినప్పుడు, రాష్ట్ర ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు ఇస్తామని ప్రకటించే దాకా వచ్చిన ఆ సీజన్‌లో, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల బారులు చూపిస్తూ ఒక రైతు పెట్టిన వీడియో మాయమైంది. ఎందుకు తీశారని అడిగితే కంపెనీ నుంచి నిబంధనల పేరుతో ఒక ముద్రిత వాక్యం వచ్చింది. కంపెనీ తనంతట తీసిందా, ఎవరైనా తీయమన్నారా అన్నది ఆయనకు ఈనాటికీ తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని అడ్డుకునే అధికారం ప్రభుత్వానికి ఇచ్చే ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద 2009లో చేసిన నిబంధనల్లో 16వది ఆ ఉత్తర్వులను గోప్యంగా ఉంచమంటుంది. తన మాట ఎవరు నొక్కారో తెలియనివాడు ఏ కోర్టుకు వెళ్లాలి?

ఇంటర్నెట్‌లో అభ్యంతరకరమైన రాతలను నేరంగా చేసిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు ఇంటర్నెట్‌లో మాట్లాడే స్వేచ్ఛ కూడా రాజ్యాంగం ఇచ్చినదేనని తేల్చింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. 2020 జనవరిలో, కశ్మీర్‌లో ఇంటర్నెట్ నిలిపివేత మీద అనురాధా భసీన్ వేసిన కేసులో, ఇంటర్నెట్ ఆపే ఉత్తర్వులను ప్రచురించి తీరాలన్నారు. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో నెట్ ఆగినప్పుడు, సిగ్నల్ కోసం పక్క ఊళ్లకు వెళ్లి పని చేసుకున్న యువతను చూశాం. ఏ ఉత్తర్వు మీద, ఎన్ని రోజులు సేవ ఆపుతున్నారో టెలికాం కంపెనీ తన చందాదారుకు ఒక సందేశం పంపవచ్చు కదా. రీఛార్జి గడువు ముగుస్తోందని రోజూ పంపేది ఆ కంపెనీయే.

మానవ హక్కుల విషయంలో కంపెనీల బాధ్యత ఏమిటో ప్రపంచం ఇదివరకే రాసుకుంది. 2011 జూన్‌లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి ఆమోదించిన మార్గదర్శక సూత్రాలు మూడు సంగతులు చెబుతాయి: హక్కులను కాపాడటం రాజ్యం విధి, గౌరవించడం కంపెనీల బాధ్యత, నష్టపోయినవారికి పరిహారం అందే దారి ఉండాలి. 2015లో ర్యాంకింగ్ డిజిటల్ రైట్స్ అనే బృందం 16 ఇంటర్నెట్, టెలికాం కంపెనీలను ఈ తీరులో తూచి మార్కులు వేసింది. మన భారతీ ఎయిర్‌టెల్ కూడా అందులో ఉంది. మొదటి స్థానంలో నిలిచిన కంపెనీకే నూటికి 65 వచ్చాయి. బయటినుంచి ఎవరో కొలిచి, ఆ కొలతను జనం ముందు పెట్టినప్పుడే కంపెనీలు తమ విధానాలను సవరించుకోవడం మొదలుపెట్టాయి.

మన కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2019లో తెచ్చిన బాధ్యతాయుత వ్యాపార మార్గదర్శకాల్లో ఐదో సూత్రం మానవ హక్కులదే. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఆ సూత్రాల మీద ఏటా నివేదిక ఇవ్వాలని మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు తప్పనిసరి చేసింది. మంచిదే. కానీ మన జీవితాల్ని ఇంతగా శాసిస్తున్న విదేశీ వేదికల భారత విభాగాలు మన స్టాక్ ఎక్స్ఛేంజీల్లో లిస్టు కాలేదు, వాటికి ఇది వర్తించదు. సిమెంటు కంపెనీ చెప్పవలసినది సెర్చి కంపెనీ చెప్పనక్కరలేదు.

పరిహారం విషయంలో మనం వెనక్కి నడిచామనే అంటాను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా ఉంది. ఆ సొమ్ము మాత్రం భారత సంచిత నిధికి వెళ్తుంది. వ్యక్తిగత డేటా కాపాడనందుకు నష్టపోయిన మనిషికే పరిహారం ఇప్పించే ఐటీ చట్టం 43ఏ సెక్షన్‌ను ఇదే చట్టం తొలగిస్తోంది. కాంటాక్టులు లీకై పరువు పోయింది ఒకరిది, జరిమానా చేరేది ప్రభుత్వానికి. నేను మొదట్లో చెప్పిన లోటు ఇంతకన్నా స్పష్టంగా ఎక్కడా కనిపించదు. ఆ పరిహారపు హక్కును తిరిగి నిలబెట్టమని మీరు సిఫారసు చేయాలి.

దానితోపాటు, తెలుగులో వచ్చిన ఫిర్యాదును తెలుగు తెలిసిన మనిషి చదవాలి, జవాబు తెలుగులో కారణంతో సహా రావాలి. ఇంగ్లిషు అక్షరాల తెలుగు కూడా తెలుగే. నెలవారీ నివేదికలు భాషలవారీగా ఉండాలి. పరిశీలకుల సంఖ్య, యంత్రం ఒక్కటే తీసుకున్న నిర్ణయాల సంఖ్య, అప్పీలులో తప్పని తేలినవాటి సంఖ్య విడిగా చూపాలి. డబ్బు తీసుకుని వేసే ప్రతి ప్రకటన వెనుక ఉన్నవారెవరో కంపెనీ నిర్ధారించుకోవాలి. ఒక పోస్టు ప్రభుత్వ ఉత్తర్వు మీద పోయిందా, కంపెనీ నిర్ణయం మీద పోయిందా అన్నది పెట్టినవారికి చెప్పాలి. ఈ లెక్కలను ప్రభుత్వమూ కంపెనీలూ కాని స్వతంత్ర సంస్థ ఏటా తనిఖీ చేసి, ఫలితాన్ని పార్లమెంటు ముందు పెట్టాలి. మంత్రిత్వ శాఖ కిందే ఆ తనిఖీ పెడితే పాత కథే నడుస్తుంది.

పార్లమెంటరీ సంఘాలు అధ్యయన పర్యటనల మీద తిరుపతికి వస్తుంటాయి. ఈసారి మీరు వచ్చినప్పుడు ఒక పూట బాధితుల కోసం కేటాయించండి. కంపెనీల ఫిర్యాదు అధికారులను కూడా అదే గదికి పిలవండి. ఆ డిగ్రీ అమ్మాయి మీ ముందు మాట్లాడటానికి ఒప్పుకుంది, పేరు బయటికి రాకూడదన్న ఒక్క షరతుతో. మామిడి రైతు వస్తానన్నారు. మేం పంపిన ఫిర్యాదుల ప్రతులు, కంపెనీల జవాబులు తేదీల వరుసలో నా దగ్గర ఉన్నాయి. తెలుగులో ఉన్నవాటిని అనువదించకుండా అలాగే తెస్తాను. వాటిని చదవగల మనిషిని వెంట తెచ్చుకోమని ఆ అధికారులకు మీ సమన్లలోనే రాయండి.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక న్యాయవాది